తిరుగు దాటు

నేను ఒకప్పుడు హైజంప్ చేసేదాన్నని చెబితే జనం నా మొహం వైపు చూడరు, నడుం వైపు చూస్తారు. మర్యాద తెలిసినవాళ్లయితే "అట్లనా" అని ఊరుకుంటారు. మా జిల్లాలో ఆ రకం తక్కువ. ఎక్కువమంది "నువ్వా? యాడికి ఎగిరినావమ్మా?" అని నేరుగా అడిగేస్తారు. వాళ్లను తప్పు పట్టలేను. ఇప్పుడు మా బడి వరండా మెట్లెక్కితే నా మోకాళ్లు రెండూ వేరువేరుగా మొర పెట్టుకుంటాయి. కుందుర్పి పక్క ఒక హైస్కూల్లో వ్యాయామం టీచర్ని. ఈల ఊదడం, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టడం, నేను మాత్రం నీడ చూసుకుని నిలబడటం నా ఉద్యోగం.

నా క్రీడాజీవితాన్ని ఒక్క గుక్కలో చెప్పేయొచ్చు. తొంభైల చివర్లో మొదలైంది, రెండువేల ఐదో ఆరో వచ్చేసరికి అయిపోయింది. జిల్లాలో నాదే మొదటి స్థానం. ఈ మాట గట్టిగా చెప్పి అక్కడ ఆగిపోతాను. జిల్లాలో మా ఈడు ఆడపిల్లల్లో హైజంప్ చేసేది ఇద్దరమేనన్న సంగతి ఎవరైనా గుచ్చి అడిగితే తప్ప చెప్పను. ఆ రెండో అమ్మాయిది గుత్తి. కొండ మీద అంత కోట పెట్టుకున్న ఊళ్లో పుట్టి ఎత్తంటే భయపడేది, పాపం. రాష్ట్ర పోటీల్లో రెండో స్థానం ఒకసారి వచ్చింది, మూడోది ఇంకొన్నిసార్లు. నాలుగో స్థానాలు లెక్కపెట్టుకోలేదు. వాటిని ఎవరూ పెట్టుకోరు.

జాతీయ పోటీలకు ఒక్కసారే వెళ్లాను. ఆ రోజు వాన పడింది. మిగతా అమ్మాయిలందరూ తువ్వాళ్లు కప్పుకుని గుడారం కిందికి పరిగెత్తారు. నేను మాత్రం మైదానం మధ్యలో మొహం పైకెత్తి నిలబడ్డాను. మా నేల మీద వాన వస్తే జనం ఇంట్లోకి కాదు, బయటికి వస్తారు. వాన తగ్గాక పోటీ మొదలైంది. తడి నేల మీద పరుగెత్తడం నాకెవరూ నేర్పలేదు. నేర్పేంత వాన మాకెప్పుడు పడిందని? మలుపు తిరిగే చోట జారి, కూర్చున్న భంగిమలో, కడ్డీ కింద నుంచి పరుపు చేరుకున్నాను. కడ్డీ మాత్రం కదల్లేదు. అంత శుభ్రంగా దాన్ని నేనెప్పుడూ దాటలేదు, కాకపోతే దాటాల్సింది పైనుంచి.

సాయంత్రం బూత్ నుంచి ఫోన్ చేస్తే నాయన నా సంగతి అడగనేలేదు. "ఆడ వాన పడిందంటనే. ఎంత పడింది? పదును అయిందా?" అని అడిగాడు. విత్తనం వేసేంత తడి పడిందా అని ఆయన ప్రశ్న. పడింది నాయనా, నేను కూడా పడినా అని చెప్పాను. నాయన నా రెండో మాట విన్నట్టు లేదు.

నేను విరమించుకున్నది కూడా గొప్పగా ఏం లేదు. ఎన్నేళ్లో ఎత్తుల మీద నుంచి వీపు మీద పడి ఏమీ కాని మనిషిని, కళ్యాణదుర్గం బస్టాండులో బస్సు దిగుతూ మడమ బెణికించుకున్నాను. బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుంది? అదీ నేను నేల తన్ని పైకి లేచే కాలే అయింది. ఎగిరెగిరి దంచినా అంతే కూలి, ఎగరకుండా దంచినా అంతే కూలి అని అమ్మ మొదట్లోనే చెప్పింది. అమ్మ మాట వినుంటే కనీసం మడమ మిగిలేది.

"మేడం, మీకు కోచింగ్ ఇచ్చిందెవరు?" అని మా బడి ఆడపిల్లలు అప్పుడప్పుడు అడుగుతారు. రెండు ఎద్దులు, ఒక ముసలామె అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. నేను నిజమే చెబుతున్నాను.

మా ఊరు బెళుగుప్ప పక్క. వాన మీద నమ్మకంతో వేరుశనగ వేసే ఊరు. నమ్మకానికి కరువు లేదు కాబట్టి ఏటా వేసేవాళ్లు. మాకు రెండెద్దులు, ఒక బండి, నాయన, అమ్మ, నేను, వీటన్నిటి మీదా పెత్తనానికి మా అవ్వ. నాయనకు అమ్మ. పొద్దున లేచింది మొదలు గడపకు ఆనుకుని, కాళ్లు అడ్డంగా చాపుకుని కూర్చునేది. ఇంట్లోకి ఎవరొచ్చినా, ఇంట్లోంచి ఎవరు పోయినా ఆమె కాళ్లు ముడుచుకుంటేనే దోవ.

అవ్వ దగ్గర దాటడానికి సంబంధించిన చట్టం ఒకటి ఉండేది. పడుకున్న మనిషిని దాటకూడదు, దాటితే ఆ మనిషి ఎదగడు. పలుపు దాటకూడదు, దాటితే పశువుకు చేటు. పలుపంటే ఎద్దు మెడకు వేసి కూసానికి, అంటే నేలలో పాతిన గుంజకు, కట్టేసే తాడు. అయితే చట్టంలో ఒక వెసులుబాటు కూడా ఉంది. పొరపాటున దాటితే, దాటినవాళ్లే మళ్లీ అటునుంచి ఇటు దాటాలి. అప్పుడు దాటింది చెల్లిపోతుంది, దాటనట్టే లెక్క. మా ఇంట్లో దాన్ని తిరుగు దాటు అనేవాళ్లం.

దీనికి సాక్ష్యం నేనే. నాకు రెండేళ్లప్పుడు, ఏదో పెళ్లిలో చాప మీద పడుకోబెడితే, మా మేనమామ బస్సు వేళయిందని కంగారుగా నన్ను దాటుకుని పోయాడట. అవ్వ వెనకనుంచి "ఎనక్కి రా అప్పా, ఎనక్కి దాటి పో" అని కేకలు వేస్తున్నా వినకుండా బస్సెక్కేశాడట. అందుకే నేను పొట్టిగా ఉండిపోయానని అవ్వ తీర్పు. మా అమ్మ పొట్టి, నాయన పొట్టి, అవ్వ అందరికంటే పొట్టి. అయినా తప్పు మేనమామదే. ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా అవ్వ నన్ను పక్కన నిలబెట్టి కొలత చూపించేది. హైజంప్ చేసేవాళ్లు కొంగల్లా పొడుగ్గా ఉంటారు. వాళ్ల మధ్య నేను నిలబడినప్పుడల్లా నాకూ మేనమామ మీద కోపం వచ్చేది.

మా ఇంటి ముందర ఎద్దుల్ని కట్టేసే చోటే వీధిలోకి దోవ. బడికి ఆలస్యమైతే పలుపుల మీద నుంచి దూకిపోయేదాన్ని. అవ్వ చూసిందంటే వెనక్కి పిలిచేది. నేను తిరిగి దూకి, ఎద్దుల్ని చుట్టుకుని, బుద్ధిగా బడికి పోవాలి. ఎనిమిదో తరగతిలో మా డ్రిల్లు సారు మైదానంలో తాడు కట్టి ఎవరు దాటుతారో చూద్దామన్నప్పుడు, నేను అటు దూకి, అలవాటు కొద్దీ ఇటు కూడా దూకి నా చోట్లోకి వచ్చి నిలబడ్డాను. సారు నోరు తెరిచాడు. ఆయన స్వతహాగా కబడ్డీ మనిషి. ఎగిరే మనిషిని చూస్తే కాళ్లు పట్టి కిందికి లాగడం ఒక్కటే ఆయనకు తెలిసిన విద్య. అయినా ఆ రోజు నాలో ఏదో ఉందని నిర్ణయించుకున్నాడు.

పేపర్లో వచ్చిన ఒక ఫొటో పట్టుకుని ఇంటికే వచ్చాడు. అందులో ఒక అమ్మాయి ఆకాశం చూస్తూ, వీపు కిందికి పెట్టుకుని కడ్డీ మీద నుంచి పోతోంది. "ఇప్పుడు లోకమంతా ఇట్లనే దాటతాండారు. వీపు మీద పడల్ల" అన్నాడు. మా బడిలో పడటానికి ఉన్నది గులకరాళ్ల నేల. వీపు మీద పడితే వీపుతో పని ఉండదు.

అప్పుడే నా కన్ను ఇంటి పక్క వామి మీద పడింది. కాయలు కోసుకున్నాక మిగిలిన వేరుశనగ తీగను ఎండబెట్టి వామి వేస్తాం. మేం దాన్ని కట్టె అంటాం గానీ అది మెత్తటి మేత. ఏడాదంతా ఎద్దుల తిండి అదే. నాయన దాంట్లో కొంత నడుమెత్తు పరుపులా పరిచి, పక్కన రాతి కూసానికీ, బండి నొగకూ మధ్య ఒక పలుపు అడ్డంగా కట్టాడు. నా అంతర్జాతీయ శిక్షణా కేంద్రం అంతే.

నాయన షరతు ఒకటి. ఎద్దులకు మేత వేసేలోపు నా ఎగురుడు అయిపోవాలి. అవ్వ షరతు ఇంకొకటి. కట్టింది పలుపు కాబట్టి, ఎన్నిసార్లు దాటితే అన్నిసార్లు తిరుగు దాటాలి. సారు నెత్తి కొట్టుకున్నాడు.

"ముసల్దాని మాట కాదంటే ఇంట్లో కూడు పుట్టదు సార్" అన్నాడు నాయన. "ఎనక్కి దాటితే పోయేదేముండాది?"

పోయేదేముందో మాకు తర్వాత తెలిసింది.

వీపు మీద పడటం నేర్చుకోవడానికి నాకు ఒక కాలం పట్టింది. పడ్డప్పుడల్లా ఎండాకు జడలోకి, రవికలోకి, చెవుల్లోకి పోయేది. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల నా తలలోంచి మిగిలిపోయిన కాయలు ఏరుకుని తినేది. పడ్డాక లేచి, ఆ మెత్త మీద నుంచే ఒక కాలు పలుపు అవతలికి వేసి, రెండోకాలు తెచ్చుకుని నేల మీదికి దిగేదాన్ని. అదీ తిరుగు దాటు. గడప దగ్గర్నుంచి అవ్వ కేక వేసేది.

"ఏమే, ఎనక్కి దాటినావా?"

"దాటినా అవ్వా."

"నేను చూడలేదే. ఇంగొకసారి దాటు."

ఎత్తు కొలవడానికి టేపు లేదు. నాయనే టేపు. మొదట నాయన నడుమెత్తు దాటాను, తర్వాత రొమ్మెత్తు. నాయన పొట్టి అని ముందే చెప్పాను కాబట్టి ఎవరూ మురిసిపోనక్కర్లేదు.

అసలు చిక్కు ఎద్దులతో వచ్చింది. నేను ఏది పరుచుకుని పడుతున్నానో అదే వాటికి తిండి. కార్తీకంలో నడుమెత్తున్న పరుపు సంక్రాంతి దాటేసరికి మోకాళ్లెత్తయింది. నేను ఎంత పైకి పోతుంటే నేల అంత కిందికి పోయేది. ఇంకెవరి శిక్షణలోనైనా ఇలాంటి ఏర్పాటు ఉందేమో నాకు తెలియదు. పొద్దున నేను పడి లేచిన చోటే, నా వీపు గుంట ఇంకా పోకముందే, రెండు ఎద్దులూ నింపాదిగా నమిలేవి. నన్ను చూస్తూ నమిలేవి.

ఊరు కూడా ఊరుకోలేదు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతాందంట అని ఆడవాళ్లు కొళాయి దగ్గర నవ్వేవాళ్లు. ఆ ఏడు వాన మొహం చాటేయడంతో ఆ నవ్వు ముదిరింది. "పలుపులు దాటే ఆడపిల్ల ఉన్న ఊర్లో వాన యాడ పడతాది?" అని ఒకాయన మా గడప ముందే అన్నాడు. అవ్వ కాళ్లు ముడవకుండానే జవాబిచ్చింది.

"నా మనవరాలు దాటిందాన్ని మళ్లా ఎనక్కి దాటింది. నా లెక్క సరిపోయింది. నీ వాన సంగతి నువ్వు చూసుకోప్పా."

పదో తరగతిలో ఉండగా సారు ఒక కబురు తెచ్చాడు. క్రీడల హాస్టల్లో సీట్లకు అనంతపురంలో ఎంపిక జరుగుతుంది. ఎంపికైతే చదువు, తిండి వాళ్లదే, ఎగరడానికి స్పాంజి పరుపు. ఎద్దులు తినని పరుపు. వయసు లెక్క ప్రకారం నాకు ఆ ఏడు కాకుంటే తర్వాతి ఏడు, అంతటితో సరి.

నాయన దాచుకోకుండా చెప్పాడు. "సీటొస్తే పో, నేను అడ్డం రాను. రాకుంటే చేనికాడికి రా. రెండిట్లో ఏదీ కాకుండా ఇంటికాడ ఎగురుకుంటా ఉంటే, నీకు పరిచేదానికి నాకు మేత యాడిది?"

అందులో కఠినం ఏమీ లేదు. ఉన్న మాట అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రినుంచి కళ్లు మూస్తే స్పాంజి పరుపు కనిపించేది. చేనికి పోవడం సిగ్గని కాదు. కాళ్లు నేల వదిలి, వీపు ఇంకా ఏదీ అందుకోని ఆ చిటికెడు సేపు నాకు కావాలి. అది తప్ప నాకు వేరే ఏ పనీ బాగా రాదని అప్పటికే తెలిసిపోయింది.

అనంతపురం మైదానంలో ఆ పరుపును మొదటిసారి చూసినప్పుడు ముందు చేత్తో నొక్కి చూశాను, తర్వాత ఎవరూ చూడకుండా వాసన చూశాను. కొత్త చెప్పుల వాసన. కడ్డీ పెంచుకుంటూ పోయారు. ఒక్కో ఎత్తుకు మూడు అవకాశాలు. చివరికి నా కనుబొమ్మలెత్తు దగ్గర ఆగింది. అది దాటినవాళ్లకు సీటు. మొదటిసారి పిరుదు తగిలింది. రెండోసారి మడమ తగిలింది. మూడోసారి ఏమీ తగల్లేదు.

పరుపు మీద పడ్డాను. పైన కడ్డీ ఉంది. కదలకుండా ఉంది. సారు ఈల వేస్తున్నాడు. నాకు అంతకుముందెన్నడూ లేనంత సంతోషం వచ్చింది. ఆ సంతోషంలో లేచి నిలబడి, ఏ ఆలోచనా లేకుండా, ఇంట్లో రోజూ చేసే పనే చేశాను. కుడికాలు ఎత్తి కడ్డీ అవతలికి వేశాను.

మా మేత పరుపు మీద నుంచి పలుపు తక్కువ ఎత్తు. పలుపు తగిలినా ఊగుతుంది, అంతే. ఇక్కడ కడ్డీ నా తొడల మధ్య ఉంది. గుర్రమెక్కి దిగడం తెలియని మనిషిలా ఒంటికాలి మీద నిలబడిపోయాను. దాటితే తెల్లజెండా, లేకుంటే ఎర్రజెండా ఎత్తే న్యాయనిర్ణేత అప్పటికింకా వంగి కడ్డీ ఊగుతోందా లేదా అని చూస్తున్నాడు. జెండా ఎత్తలేదు.

"ఏమమ్మా, యాడికి పోతాండావు?" అన్నాడు.

రెండోకాలు తెచ్చుకోబోయాను. కడ్డీ కింద పడింది.

ఆయన ఎర్రజెండా ఎత్తాడు. సారు పరుగున వచ్చి, పిల్ల దాటేసింది గదా అని వాదించాడు. "నేను జెండా ఎత్తలేదు. కడ్డీ కింద ఉండాది. నా కంటికి కనపడేది అదే" అన్నాడు ఆయన. కోపంగా కూడా అనలేదు. ఇలా వెనక్కి వచ్చే మనిషిని ఆయన మొదటిసారి చూసినట్టుంది.

బస్సు కూడేరు దాటింది. సారు మెల్లగా "ఎందుకు చేసినావు తల్లీ?" అని అడిగాడు. "పలుపు సార్" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చూడలేదు. నేను మాత్రం ఏడుస్తున్నాను.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అవ్వ మొహం వెలిగిపోయింది.

"చూసినావా, నేను చెప్పలేదా? ఎనక్కి దాటితే దాటింది చెల్లిపోతాదని. పెద్ద ఆఫీసర్ గూడా అదే చెప్పినాడు."

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తలెత్తి అవ్వను చూసింది. నాయన పైపంచ దులుపుకుని బయటికి పోయాడు. అప్పుడు అవ్వ అడిగింది. "అట్లయితే సీటు?"

"అది గూడా చెల్లిపోయింది."

అవ్వ చాపిన కాళ్ల వైపు చూసుకుంటూ ఉండిపోయింది. నాకు జాలి కలగలేదు. ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా ఈమె కాళ్లు ముడిచేదాకా గడప దగ్గర పిల్లిలా కాచుకున్నందుకు నాకిది కూలి అనుకున్నాను. చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

రెండో ఏడు ఇంకా దారుణం. విత్తిన గింజ భూమిలోనే మాడిపోయింది. కాయ లేదు, కట్టె లేదు. ఎద్దుల్ని సంతకు తోలుకుపోయి నాయన ఒక్కడే పలుపులు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. నా వీపు గుంటలో మేసిన మూతులు అవి. అవి లేకుంటే ఇల్లు మరీ సద్దు లేకుండా అయిపోయింది.

పడటానికి ఏమీ మిగల్లేదు. పదో తరగతి ఎలాగో అయింది. పొద్దున నాయనతో కూలికి పోవడం, సాయంత్రం ఖాళీ గోనెసంచుల్లో ఎండు వేపాకు కూరడం. వాటి మీద మూడుసార్లు పడేసరికి ఆకు పిండయిపోయేది, వీపు నేలను పలకరించేది. ఒక సాయంత్రం అవ్వ తన బొంత తెచ్చి ఆ సంచుల మీద పరిచింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి తనే కుట్టుకున్న బొంత. ఎన్నేళ్లుగా దాని మీదే పడుకునేది.

"నువ్వు దేని మీద పడుకుంటావు?" అన్నాను ముభావంగా.

"గడపకాడ బండ సల్లగా ఉంటాది."

తిరుగు దాటు సంగతి తేల్చడానికి సారు స్వయంగా వచ్చాడు. ఈ పిల్ల ఇంక వెనక్కి దాటిందంటే నేను బడి మానేస్తానని బెదిరించాడు.  ఎద్దులు లేకపోయినా పలుపు పలుపే కదా అంది అవ్వ. చివరికి రాజీ కుదిరింది. నేను దాటడం మాత్రమే. పొద్దుగూకే వేళకు పలుపు విప్పి నేల మీద పరిస్తే, నా బదులు అవ్వ అటునుంచి ఇటు దాటుతుంది. రోజూ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, నేల మీది తాడును మహా జాగ్రత్తగా దాటేది. "అన్నిటికీ కలిపి ఒకటే" అని పైకి చెప్పేది, ఎవరికి చెప్పేదో. అది చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక కోపం నిలవదు.

కాలికి మాత్రం రాజీ సంగతి తెలియదు. పడ్డాక దానంతటదే లేచేది. "పండుకో, పండుకోనే ఉండు" అని సారు అరుస్తుండేవాడు. లేవకుండా ఉండటానికి సాధన చేసిన హైజంపర్ నేను తప్ప ఇంకొకరు ఉంటారనుకోను.

ఎంపిక రోజు మొదటి బస్సు తెల్లారకముందే. అమ్మ సద్ది కట్టి ఇచ్చింది. అవ్వ గడప దగ్గర బండ మీద, దోవకు అడ్డంగా, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని నిద్రపోతోంది. బొంత లేక అలా ముడుచుకుందని అప్పుడు తోచలేదు. ఊరి బయట బస్సు హారన్ మోగింది. సంచీ గుండెకు అదుముకుని, అవ్వ మీద నుంచి అడుగు వేసి, పరిగెత్తాను.

బస్సు కదిలి మా చేల పక్కనుంచి పోతున్నప్పుడు గుర్తొచ్చింది. తిరిగి దాటలేదు. మేనమామలాగే, ఆయన చేసినట్టే, దాటి బస్సెక్కేశాను. పక్కన సారు నిన్నటి పేపరు చదువుతున్నాడు. బస్సు ఆపమని చెబితే ఈసారి నిజంగానే బడి మానేస్తాడు. నాకు ఇలాంటివి నమ్మకం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మకం లేని మనిషికి అరిచేతులు అంత చెమట పట్టవు.

అదే మైదానం, అదే పరుపు, జెండాలు పట్టుకుని అదే మనిషి. నన్ను గుర్తుపట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. కడ్డీ మళ్లీ కనుబొమ్మల దగ్గరికొచ్చింది. మొదటి రెండుసార్లూ పడగొట్టాను. మూడోసారి పరిగెత్తాను, మలుపు తిరిగాను, నేలను తన్నాను. ఆ చిటికెడు సేపు ఆకాశం తప్ప ఏమీ లేదు. తర్వాత పరుపు.

కుడికాలు లేచింది. ఆ రోజు మామూలు కంటే గట్టిగా లేచింది, పొద్దుటి బాకీ కూడా దాని మీదే ఉన్నట్టు. రెండు చేతులతో పరుపు అంచు పట్టుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. లేవనని పళ్లు బిగించాను.

"దెబ్బ తగిలిందామ్మా?" జెండాల మనిషి గొంతు.

"జెండా ఎత్తినారా సార్?"

"ఎత్తినా."

"ఏ రంగు?"

"తెల్లదే. లెయ్యమ్మా, ఎనకాల పిల్లలుండారు."

లేచి, పరుపు అవతలి వైపు నుంచి దిగాను. సారు అటునుంచి చుట్టూ తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. కడ్డీ దగ్గరికి నన్ను మళ్లీ పోనివ్వలేదు.

పొద్దుగూకే వేళకు ఇంటికి చేరాను. అమ్మానాయన ఇంకా చేలోనుంచి రాలేదు. అవ్వ గడపకు ఆనుకుని, కాళ్లు చాపుకుని ఉంది. సీటొచ్చిందని చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్నే అడిగింది.

"ఎనక్కి రాలేదు కదా?"

"లేదవ్వా." చెప్పక తప్పేలా లేదు. "పొద్దున నిన్ను గూడా దాటిపోయినా. బస్సొచ్చిందని ఎనక్కి దాటలేదు. పండుకో, ఇప్పుడు దాటతా."

"తెలుసు. మేలుకొనే ఉంటి."

"మేలుకొనుంటే పిలవలేదేం?"

"పిలిస్తే వచ్చేస్తావు కదే" అంది అవ్వ. నా వైపు ఎగాదిగా చూసింది, మేనమామకు చూపించడానికి కొలిచినట్టు. "నేనింక ఎదిగేది ఏముండాది?"

కాళ్లు ముడుచుకుని నాకు దోవ ఇచ్చింది.